ఎర్రకుంట ఊపిరి లెక్క

సుస్మిత లెక్క మొదటిసారి నిజమైంది నిరుడు ఏప్రిల్ రెండో వారంలో. ఎర్రకుంటలో చేపలు చచ్చి తేలతాయని ఆమె నెల ముందే చెబితే చేపల సొసైటీ వాళ్లు పడీపడీ నవ్వారు. ఇంటింటికీ తిరిగి, బతిమాలి, పోట్లాడి వలలు వేయించింది. వలకు దొరకని చేపలు చెప్పిన వారంలోనే తేలాయి.

ఆ పిల్ల ఎవరనుకున్నారు? ఎర్రకుంటలో వల వేసే సిద్దయ్యకు తమ్ముడి బిడ్డ. గౌడవెల్లి సర్కారు బడిలో చదివి పదో తరగతిలో మండలానికే మొదటొచ్చింది. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి బంగారు పతకం తెచ్చింది. ఇప్పుడు పరిశోధన. ఎండ, వాన, లేఅవుట్ల నుంచి కుంటలోకి దిగే మురుగు, చేపల బరువు, అన్నిటినీ కంప్యూటర్లో ముడివేసి, నీళ్లలో చేపకు గాలి ఎప్పుడు చాలదో ముందే చెబుతుంది. దాన్ని మోడల్ అంటారు. సిద్దయ్య ఈ సంగతి మేడ్చల్ బస్సులో పక్క సీటు వాళ్లకు చెబుతూ తన స్టాపు దాటిపోయేవాడు.

ఈ ఏడు ఆమె యూనివర్సిటీ హాస్టల్లో ఉంది. నీళ్లలో గాలి ఎంతుందో చూపే మీటరును సిద్దయ్యే అడిగి తీసుకున్నాడు. రోజూ కుంటలో ముంచి అంకె ఫోన్లో పంపేవాడు. మే దాకా భయం లేదంది మోడల్. చేపలు ఇంకాస్త బలుస్తాయని సొసైటీ అధ్యక్షుడు హేమచంద్ వలలు ఆపాడు.

మార్చి చివర్లో ఒక తెల్లవారుజామున కుంటంతా చేపల కడుపులతో తెల్లబడింది.

"సిద్దన్నా, మీ బిడ్డ కంప్యూటర్‌కు సుత ఎండదెబ్బ తాకిందా ఏంది?" అన్నాడు హేమచంద్. ఎవరూ నవ్వలేదు.

సుస్మిత మొదటి బస్సుకే వచ్చింది.

"పెద్దబాపూ, మీటరు ఏ యాళ్లకు ముంచినవ్?"

"కట్టమైసమ్మకు దీపం వెట్టినంక. దానికి ముందు మనోళ్లు నీళ్లల చెయ్యి వెడ్తరా బిడ్డా?"

"అంటే పొద్దెక్కినంకనా?"

"మల్ల? తానం జేయాలె, కొబ్బరికాయ గొట్టాలె."

ఆమె కట్ట మీద కూలబడింది. "ఎండ వడితే నీళ్లల పాచి గాలి ఇడుస్తది పెద్దబాపూ. చేపకు ఊపిరాడంది తెల్లారకముందు. గా అంకె నాకు ఒక్కనాడు సుత రాలే."

"మరి జెప్పకపోతివి?"

"పొద్దుగాల ముంచుమన్న. దీపం సంగతి యాదికి రాలే. గీ కట్ట మీదనే పెరిగిన, అయినా యాదికి రాలే."

మరునాటి నుంచి సిద్దయ్య దీపానికి ముందే, చీకట్లోనే మీటరు ముంచాడు. ముంచి, మైసమ్మ వైపు తిరిగి లెంపలేసుకునేవాడు. ఆ అంకెలతో సుస్మిత మోడల్‌ను మళ్లీ కట్టింది. ఈసారి తప్పు లేదు. మురుగు ఇలాగే దిగితే ఎర్రకుంటలో ఇక చేప బతకదని తేలింది. మురుగు ఆపమని ఆమె తిరగని ఆఫీసు లేదు. అయినా కుంటకు ఎగువన ఇంకో లేఅవుట్‌కు రాళ్లు పాతారు. చేపపిల్లలు వదలొద్దని సొసైటీ తీర్మానించింది. వలలు అటకెక్కాయి.

చిలికా సరస్సు లెక్కలకు సుస్మితను ఒడిశాకు పిలిచారు. పెద్ద సరస్సు, పెద్ద పేరు. బస్సులో చెప్పుకోదగ్గ సంగతే. సిద్దయ్య ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తన స్టాపులోనే దిగుతున్నాడు.

మృగశిర కార్తెకు వస్తానని చెప్పి వెళ్లింది. ఆ రోజు ఊళ్లో ప్రతి ఇంటా చేపల పులుసు, సిద్దయ్య ఇంట్లో ఏటా కుంట చేపే. ఈసారి కుంటలో చేప లేదు, ఏం వండాలని ఆయన భార్య రుక్కమ్మ అడగలేదు. సుస్మిత వచ్చేది జూన్ ఎనిమిదిన, కార్తె నాడే.