పాపయ్య రోడ్డు దాటుతున్నాడు

పాపయ్యకు ఉన్న వ్యసనం ఒక్కటే. రోడ్డు దాటడం.

మనుషులన్నాక తలా ఒక పిచ్చి ఉంటుంది. ఒకరు పేకాడతారు, ఒకరు పక్కింటి సంగతులు పోగుచేస్తారు. పాపయ్య రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఇస్త్రీ పంచె కట్టుకుని, నుదుట చిటికెడు విభూతి పెట్టుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా ఇంట్లోంచి బయలుదేరి, నూలుమండి సర్కిల్‌కి వచ్చి రోడ్డు దాటేవాడు. దాటి అవతల ఏం చేసేవాడయ్యా అంటే, తిరిగి ఇవతలికి దాటేవాడు. పదకొండు గంటలయ్యేసరికి అటు ఏడుసార్లు, ఇటు ఏడుసార్లు. అవతలి పక్క ఆయనకు పని లేదు. ఇవతలి పక్క అంతకంటే లేదు.

దాటితే దాటాడు, ఎవరి సొమ్మేం పోయింది అనకండి. ఆయన దాటే తీరు వేరు. ఆ సర్కిల్‌లో నడిచేవాళ్ళ కోసం పచ్చదీపం పన్నెండు సెకండ్లు వెలుగుతుంది. పాపయ్యకు మొదటి తెల్లగీత మీద కాలు పెట్టడానికే మూడు సెకండ్లు కావాలి. నాలుగో గీత దగ్గర ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఆరో గీత మీద పంచె సర్దుకునేవాడు. తొమ్మిదో గీత దగ్గర తల పైకెత్తి, ఇవాళ వాన వస్తుందా రాదా అని తీరిగ్గా ఆలోచించేవాడు. ఈలోగా ఆయన దీపం ఎర్రబడి, బండ్లకు పచ్చదీపం పడేది. అయినా ఒక్క బండీ కదిలేది కాదు. రోడ్డు నడిమధ్యన పాపయ్య ఉండేవాడు.

హారన్లు మొదలయ్యేవి. అప్పుడు పాపయ్య జుబ్బా జేబులోంచి లామినేషన్ చేయించిన అట్టముక్క ఒకటి తీసేవాడు. గీతల మీద మనిషి ఉన్నంతసేపూ బండి ఆగాలనీ, దీపం రంగు మారినా సరే ఆగాలనీ దాని మీద కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో రాయించుకున్నాడు. దాన్ని కుడి నుంచి ఎడమకి, హారతి చూపించినట్టు, ఒక్కొక్క బండికీ చూపించేవాడు. ఆ అట్ట తనకు కంఠపాఠమనీ, లోపల పెట్టుకుని నడవమనీ ఒక బస్సు డ్రైవరు చేతులు జోడించి వేడుకున్నాడు. ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్ళే ఒక కుర్రాడైతే ఆ సిగ్నల్ దగ్గర కారులోనే ఫోనులో ఆఫీసు మీటింగ్ మొదలుపెట్టి, అందరికీ నమస్కారాలు కూడా చెప్పి ముగించి చూస్తే పాపయ్య ఇంకా పదో గీత మీదే ఉన్నాడని చెప్పుకునేవాళ్ళు. అందులో ఎంత నిజమో తెలియదు కానీ, నమ్మనివాళ్ళు మాత్రం లేరు.

భార్య సుశీలమ్మ ఎప్పుడో ఆశ వదులుకుంది. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళాడించిన మనిషి, మగ్గాలు అమ్మేశాక ఆ కాళ్ళు ఊరుకోవడం లేదని ఆమె లెక్క. ఇంట్లో ఉంటే నా తల తింటాడు, రోడ్డు మీద ఉంటే ఊరి తల తింటాడు, ఊరి తల పెద్దది కదా అనేది.

అందరికీ నవ్వులాటే కానీ మంజునాథ్‌కి కాదు. మంజునాథ్ ఆ సర్కిల్‌లో ట్రాఫిక్ కానిస్టేబుల్. సొంత ఊరు బాగేపల్లి దగ్గర, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పాపయ్య ఆగినప్పుడల్లా వెనక మూడు సిగ్నళ్ళ దాకా బండ్లు నిలిచిపోయేవి, మూడు సిగ్నళ్ళ తిట్లూ మంజునాథ్ చెవిలోనే పడేవి. అతను బతిమాలి చూశాడు, కోప్పడి చూశాడు, వీపు మీద ఎక్కించుకుని దాటిస్తానని కూడా అన్నాడు. చివరికి, రెండు వందల గజాల అవతల పాదచారుల వంతెన ఉంది కదా, దాని మీదుగా పోరాదా అని అడిగాడు.

"అరవై నాలుగు మెట్లుండాయి మంజునాథప్పా," అన్నాడు పాపయ్య. "మనం పోతాండేది రోడ్డు అవతలికా, తిరుపతి కొండకా?"

ఈ కష్టంలో మంజునాథ్‌కి ఉన్న ఒకే ఒక ఊరట రామక్క. రామక్క అవతలి పక్క, మూతపడిన సినిమా హాలు గోడ దగ్గర సొప్పు అమ్మేది. బెంగళూరులో ఆకుకూరలకు సొప్పు అనే పేరు. మార్కెట్టు నుంచి ఆమె సరుకు తెచ్చే ఆటో చుట్టూ తిరిగి అవతలికి పోవాలంటే రెండు కిలోమీటర్లు కనుక, ఇవతలే దించేసి పోయేది. ఆమె గంపలో కొన్ని కొన్ని కట్టలు పెట్టుకుని ఏడు విడతలుగా అవతలికి మోసేది. డెబ్బై దగ్గర పడింది, పట్టుదల మాత్రం పాతికేళ్ళది. ఒకసారి ఒక కాలేజీ పిల్ల పాపం అనుకుని చెయ్యి పట్టుకోబోతే, నాకు చెయ్యిచ్చేటోళ్ళు ఇంకా పుట్టలేదని ఆ పిల్లను ఏడిపించినంత పని చేసింది.

అంతటి రామక్కకు లోకంలో ఒక్క పాపయ్య మీదే జాలి. ప్రతి విడతా గంప చంకన పెట్టుకుని, రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని, ముసలాయన వస్తాండాడు కండ్లు కనపడలేదా అని బండ్లను కసురుతూ దాటించేది. మళ్ళీ ఖాళీ గంపతో వెంటబెట్టుకుని తీసుకొచ్చేది. తన బతుకే తనకు బరువైన మనిషి ఇంకొకరి బరువు మోస్తోందని మంజునాథ్ ఆమెను చూసినప్పుడల్లా అనుకునేవాడు.

ఇలా ఉండగా ఒక సోమవారం ఇన్‌స్పెక్టరు మంజునాథ్‌ని పిలిచి, ఆ ముసలాయన సంగతి వారంలోగా తేల్చకపోతే అత్తిబెలె చెక్‌పోస్టుకి వేస్తాను, అక్కడ లారీల పొగ పీల్చుకుంటూ ఉండమన్నాడు. మంజునాథ్‌కి ముందు ఇల్లు గుర్తొచ్చింది. కూతురు అర్చన ఆ ఏడాదే పక్కవీధి బడిలో ఒకటో తరగతిలో చేరింది. నెలరోజులు ఏడ్చి, ఈ మధ్యనే నవ్వుతూ వెళ్తోంది. ఇల్లు మారాలంటే ఆ ఏడుపు మళ్ళీ మొదటినుంచి మొదలు.

మర్నాడు పాపయ్య చివరి విడత ముగించుకుని ఒక్కడే ఇవతలికి వస్తున్నాడు. రామక్క గోడ వైపు తిరిగి కట్టలు పేర్చుకుంటోంది. ఆయన అయిదో గీత మీద ఉండగా అంబులెన్సు కూత వినిపించింది. మంజునాథ్ ఈల నోట్లో పెట్టుకుని, ఇప్పుడీయన్ని ఎత్తుకుని పరుగెత్తాలి కాబోలు అనుకుంటూ అడుగు ముందుకు వేశాడు. అంతలో పాపయ్య పంచె పైకి ఎగగట్టి, నాలుగే నాలుగు అంగల్లో రోడ్డు దాటేశాడు. అంతటితో ఆగలేదు. గట్టు మీదికి ఎగిరి నిలబడి, బైకుల్ని ఎడమకు జరగమని గద్దించి, కదలని కారు నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చి దారి తీయించాడు. అంబులెన్సు రివ్వున పోయింది. మంజునాథ్ నోట్లోంచి ఈల జారి కింద పడింది.

"అంబులెన్సుకి దారి ఇయ్యాల," అన్నాడు పాపయ్య, రొప్పు కూడా లేకుండా. "అదీ రూలే."

"రూలు సరే తాతా, ఈ కాళ్ళు యాడనుంచి వచ్చినాయి?"

"భయానికి వచ్చినాయప్పా. మళ్ళా పోయినాయి," అని పాపయ్య కుంటుకుంటూ ఇంటి దారి పట్టాడు.

మంజునాథ్‌కి ఒళ్ళు మండింది. ఇంతకాలం ఈ మనిషి నాటకమాడి తన ఉద్యోగంతో చెలగాటమాడాడన్నమాట. గట్టిగా దులిపేయాలనుకున్నాడు. కానీ గురువారం ఒక వింత జరిగింది. ఆ రోజు రామక్క రాలేదు. మనవరాలి గృహప్రవేశమని దేవనహళ్ళి వెళ్ళింది. పాపయ్య ఎప్పటిలాగే వచ్చి, సరుకు ఆటో ఆగే చోట పది నిమిషాలు నిలబడ్డాడు. తర్వాత ఎనిమిది సెకండ్లలో రోడ్డు దాటాడు. అవతల టెంకాయల బండి బైరప్పను ఏదో అడిగాడు, ఎనిమిది సెకండ్లలో తిరిగొచ్చాడు, ఇంటికి పోయాడు. అంతే. ఆ రోజు సర్కిల్ నూనె రాసినట్టు నడిచింది. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేసి శభాష్ అన్నాడు. మంజునాథ్‌కి ఆ మెచ్చుకోలు రుచించలేదు.

శుక్రవారం రామక్క వచ్చింది. ఆ రోజు మంజునాథ్ పాపయ్యను చూడలేదు. రామక్క కాళ్ళను చూశాడు.

ఆమె కుడి మోకాలు వంగడం లేదు. మొదటి గీత మీద ఆ కాలు పెట్టడానికి మూడు సెకండ్లు పట్టింది. నాలుగో గీత దగ్గర ఆమెకు ఊపిరి అందలేదు. పాపయ్య ఆగి కళ్ళజోడు తీశాడు. ఆరో గీత మీద గంప జారుతుంటే ఆమె సర్దుకుంది. పాపయ్య పంచె సర్దుకున్నాడు. తొమ్మిదో గీత దగ్గర ఆమెకు నొప్పికి కళ్ళు మూసుకుపోయాయి. పాపయ్య తలెత్తి వాన సంగతి ఆలోచించాడు. ఆమె కళ్ళు తెరిచి, నడువన్నా నడువు, అందరూ తిడతాండారు అని ఆయన్ని మందలించింది. పాపయ్య బుద్ధిగా నడిచాడు.

మంజునాథ్‌కి సిగ్గేసింది. రెండేళ్ళుగా కళ్ళెదుట నిలబడి చూస్తూ కూడా, ఎవరు ఎవరిని దాటిస్తున్నారో తెలుసుకోలేకపోయాడు.

శనివారం తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరే జీపు దిగాడు. ఎవరో బైకువాడు మంగళవారం తీసిన వీడియో ఆయన ఫోనుకు చేరింది. పాపయ్య, రామక్క అప్పుడే ఇవతలి గట్టెక్కారు. పాపయ్య అలవాటుగా అట్టముక్క తీశాడు. రూల్స్ నాకు చెప్పొద్దని ఇన్‌స్పెక్టరు ఫోను పైకెత్తాడు. అందులో పంచె ఎగగట్టిన ముసలాయన లేడిలా దూకుతున్నాడు.

పాపయ్య ముఖం పాలిపోయింది. ఆయన చూస్తున్నది ఇన్‌స్పెక్టరును కాదు, రామక్కను. ఆ వీడియో ఆమె చూసిందంటే సంగతంతా అర్థమైపోతుంది. రేపటి నుంచి ఆయన చెయ్యి పట్టదు, ఇంకెవరి చెయ్యీ పట్టదు. ఆ మోకాలితో, ఆ పన్నెండు సెకండ్లలో, ఒంటరిగా దాటుతుంది.

"నువ్వు రోజూ చూస్తాండావు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు మంజునాథ్‌తో. "ఈయన నిజంగా నడవలేడా, నాటకమా?"

మంజునాథ్‌కి అత్తిబెలె కనిపించింది, అర్చన బడి సంచి కనిపించింది. నోరు మాత్రం తన దారిన తాను తెరుచుకుంది.

"అది ఈయన కాదు సార్. ఈయన తమ్ముడు."

"తమ్ముడా?"

"కవలలు సార్. దేవనహళ్ళిలో ఉండాడు. ఆ దినం అన్నను చూసిపోయేదానికి వచ్చినాడు."

నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కగానొక్క కొడుకుగా పుట్టిన పాపయ్య, డెబ్బై రెండో ఏట తనకు తమ్ముడు పుట్టినందుకు నోరు తెరిచాడు. రామక్క ఫోను లాక్కుని రెండుసార్లు చూసింది.

"ముక్కూ మొగమూ అట్లే ఉండాయి. ఒక కడుపున పుట్టినోళ్ళే కదా, ఈయన కర్మ చూడు సామీ," అంది. "నేను పట్టుకోకుంటే ఒక్క అడుగు వెయ్యలేడు. ఆ పచ్చలైటు ఇంకొంచెం సేపు ఉంచితే మీకేం పోతాది?"

ఇన్‌స్పెక్టరు మంజునాథ్‌ను చూశాడు. పాపయ్యను చూశాడు. చివరికి రామక్క కుడికాలిని చూశాడు. అది వేళ్ళ మీదే ఆని ఉంది, మడమ నేలకు తగలడం లేదు. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"తమ్ముడికి పన్నెండు సెకండ్లు చాలు," అన్నాడు చివరికి. "అన్నకు ముప్పై కావాల. రాసి పంపిస్తా."

జీపెక్కుతూ మంజునాథ్‌ని దగ్గరకు పిలిచి, అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళు అలా టపటపలాడించకూడదని మెల్లగా చెప్పాడు. అత్తిబెలె ఊసెత్తలేదు.

మన దేశంలో జరగని వింత, పది రోజుల్లో ముప్పై సెకండ్లు వచ్చేశాయి. కొంప మునుగుతుందనుకున్న బండ్లవాళ్ళు, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు పోవాలో తెలిసి, మునుపటికంటే నెమ్మదించారు. కుట్టుమిషన్ల షాపులో పనిచేసే చాందిని, ఎనిమిదో నెల కడుపుతో, పరుగెత్తకుండా దాటింది. పాపయ్యే ఇరుకున పడ్డాడు. ఇక నేనే దాటుకుంటానులే అని ఒకరోజు అన్నాడు. నీకేం తెలుస్తాది, ఊరుకో అని రామక్క మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది. పైగా రోజూ తమ్ముడి క్షేమం అడిగేది. పాపయ్య రోజుకో కబురు అల్లాల్సి వచ్చేది. మగ్గం మీద కూడా ఆయన అన్ని చీరలు నేసి ఉండడు.

ఒక పొద్దున సుశీలమ్మ గాజుల కోసం ఆయన వెంట బయలుదేరింది. సర్కిల్‌కి వచ్చేసరికి ఎవరో ఆడమనిషి హక్కుగా వచ్చి తన మొగుడి చెయ్యి పట్టుకుంది. సుశీలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని తిరిగింది. రామక్క ఆమెను ఎగాదిగా చూసి, ఇంట్లో ఈయన్ని ఒంటరిగా మెట్లు ఎక్కనీయొద్దమ్మా అని జాగ్రత్తలు చెప్పింది. ఆ పొద్దునే పాపయ్య నిచ్చెన లేకుండా అటక మీదికి ఎగబాకి ఇత్తడి బిందె దించాడు. సుశీలమ్మ ఆ మాట అనబోయింది. అంతలో దీపం పచ్చబడింది, రామక్క మొదటి గీత మీద కాలు పెట్టబోయింది. సుశీలమ్మ ఆ కాలిని చూసింది. మొగుడి మొహం చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

ముగ్గురూ నడిచారు. నాలుగో గీత దగ్గర పాపయ్యకు కళ్ళజోడు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేకపోయాయి. సుశీలమ్మే ఆగి, తన చెప్పు సరిచేసుకుంది. ముప్పై సెకండ్లు చాలవని మంజునాథ్‌కి తెలిసిపోయింది. సిగ్నల్ పెట్టె తెరిచి మీట మీద వేలు పెట్టి, దీపాన్ని పచ్చగానే నిలబెట్టాడు.

గట్టెక్కాక రామక్క గంప దించి, ఆయాసం తీర్చుకుని, కొత్తగా దొరికిన మనిషిని తీరిగ్గా అడిగింది.

"మీ మరిది ఎట్లుండాడమ్మా? మోకాళ్ళు బాగుండాయా?"

పాపయ్య గబగబా తలెత్తి ఆకాశంలోకి చూశాడు. లేని మరిది గురించి సుశీలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"వాడికేం అక్కా," అంది, "మా ఇంట్లోనే ఉండాడు. దినామూ అటక ఎక్కతా ఉండాడు."