ఇప్పనూనె తాగిన సైకిలు

మోకాళ్ళ నొప్పులకి మంచిదని మా పక్కింటావిడ ఏజెన్సీ కొండల నుంచి తెప్పించి ఇచ్చిన ఇప్పనూనె సీసా మొన్న పొద్దున మూత తీశాను. శ్రీకాకుళంలో ఈ ఏడు చలి గట్టిగానే ఉంది. నూనె సీసా అడుగున పేరిన నెయ్యిలా గడ్డకట్టుకుని, తలకిందులు చేసినా కదల్లేదు. డాబా మీద ఎండలో పెట్టి, కరిగాక అరచేతిలో వేసుకున్నానో లేదో, కాస్త చేదూ కాస్త పొగా కలిసిన ఆ పచ్చి వాసన ముక్కుకి తగిలింది. మోకాళ్ళ మాట మరిచిపోయాను. సీసా పట్టుకుని అలాగే ఎండలో కూర్చుండిపోయాను.

మాది శృంగవరపుకోటకి, మా వాడుకలో కోటకి, పైన, కొండల కింద ఉన్న చిన్న ఊరు. కార్తీకం దాటిందంటే మంచు కొండల మీంచి దిగి వచ్చి పొలాల మీద, పాకల మీద, కుప్పలు వేసిన వరి మీద కూర్చునేది, ఎండ గట్టిపడేదాకా లేచేది కాదు. మా నాన్నమ్మ గొంగళి కప్పుకుని, చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ చలిమంట ముందు కూర్చుంటే, మేం పిల్లలం ఆవిడ చుట్టూ చేరి బూడిదలో చిలగడదుంపలు కప్పెట్టి, అవి ఉడికేలోపు తేగలు చీల్చుకు తింటూ, ఎవరి నోట్లోంచి ఎక్కువ ఆవిరి వస్తుందో పందేలు వేసుకునేవాళ్ళం. చోడంబలి గ్లాసుని తాగడం కన్నా రెండు చేతులా పట్టుకుని కూర్చోవడమే సుఖంగా ఉండేది.

ఇప్పనూనె మా ఇంట్లో లేని రోజు లేదు. కొండవాళ్ళు సంతకి తెచ్చేవారు, మా అమ్మ బియ్యం కొలిచి పుచ్చుకునేది. దీపంలోకి అదే, నాన్నమ్మ కీళ్ళకి అదే, బండి ఇరుసుకి అదే. చలికాలంలో ఆ సీసా పొయ్యి పక్కన ఉండాల్సిందే, లేకపోతే చుక్క రాలదు. ఈ సంగతి వంటింట్లో అందరికీ తెలుసు. సైకిలు మాత్రం వంటింటి వస్తువు కాదు కదా!

ఆ సైకిలంటే మా నాన్నకి ప్రాణం. దసరాకి నాగలినీ, కొడవళ్ళనీ కడిగి బొట్టు పెట్టే రోజున దాన్ని కూడా వాకిట్లో తలకిందులుగా నిలబెట్టి, కుంకుడు నురగతో తోమి, ఆరబెట్టి, వెనక చక్రం మధ్యలో ఉండే ఫ్రీవీలులోకి నూనె పోసేవాడు. ఆ ఏడు కోటలో కొన్న మిషను నూనె అయిపోయిందో ఏమో, ఇప్పనూనె పోశాడు. ఇరుసుకి పనికొచ్చింది సైకిలుకి ఎందుకు పనికిరాదన్నది ఆయన లెక్క. మేం అటుకులూ బెల్లం బుక్కుతూ వంతులవారీగా పెడలు తిప్పాం. చక్రం టిక్‌టిక్‌మంటూ ఎంతసేపు తిరిగిందో! వెన్న రాసినట్టు ఉందని నాన్న మురిసిపోయాడు.

మా చిన్నోడికి, అంటే అక్కనైన నన్ను అప్పా అని పిలిచే నా తమ్ముడికి, పుట్టినప్పటి నుంచీ ఆయాసం. చలి మొదలైతే వాడి గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. పుష్యమాసంలో ఒక వేకువన ఆ కూతలు మామూలుగా లేవు. ఛాతీ లోపలికి పోతోంది, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అమ్మ వాము వేసి నీళ్ళు మరిగించి ఇత్తడి మరచెంబులో పోసి, పాత గుడ్డ చుట్టింది. మూత తీసి ఆ ఆవిరి పట్టి, ఓ గుక్క తాగిస్తేనే వాడికి కాస్త ఊపిరి అందుతోంది. కోటలో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. నాన్నమ్మ మంచం మీంచి లేవలేని జ్వరంలో ఉంది, నన్ను చూసేవాళ్ళు లేరు. ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారేజీ మీద వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అమ్మ.

ఊరి దగ్గర నుంచి గెడ్డ, అంటే కొండవాగు, దాకా దారంతా పల్లమే, సైకిలు దానంతటదే జారిపోయింది. గెడ్డ దాటి మిట్ట మొదలయ్యే చోట నాన్న పెడలు తొక్కాడు. పెడలు గిర్రున తిరిగింది. చక్రం కదల్లేదు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ ఉత్తినే తిరిగింది. సైకిలు పక్కకి ఒరిగితే అందరం దిగిపోయాం. నాన్న గొలుసు చూశాడు, బాగానే ఉంది. మంచులో ఎటు చూసినా మనిషి అలికిడి లేదు. పొలాలకి ఎవరూ రాని వేళ. నాన్న చక్రాన్ని కాలితో తన్నాడు. మా నాన్న భయపడటం నేను అదే మొదటిసారి చూడటం. ఆయన భయపడితే ఇంక మాకెవరు దిక్కని నాకు ఏడుపొచ్చింది.

"నడిసి పోదారి," అన్నాడు నాన్న.

"ఇంత దూరం నడిస్తే వీడుంతాడా మావా?" అంది అమ్మ. వంగి చక్రం దగ్గర వాసన చూసింది. "ఇందల ఏటి పోసినావు?"

"ఇప్పనూని."

"ఓలమ్మో! పొయ్యి కాడ లేకపోతే ఆ నూని పారతాదేటి? గడ్డ కట్టీసుంటాది."

అప్పటిదాకా ఎండెక్కాకే బయటికి తీసిన సైకిలది. ఫ్రీవీలు లోపల చిన్న ఇనప నాలుకలుంటాయి. అవి లేచి పళ్ళకి పట్టుకుంటేనే చక్రం తిరుగుతుంది. పేరుకున్న నూనెలో అవి అతుక్కుపోయాయి. దాన్ని కరిగించాలి. కరిగించడానికి అక్కడున్న వేడి వస్తువు ఒక్కటే.

అమ్మ మరచెంబు వైపు చూసింది. చిన్నోడి వైపు చూసింది. నీళ్ళు పోసేస్తే వాడికి ఆవిరి లేదు, పొయ్యకపోతే డాక్టరు లేడు. అప్పుడు అమ్మ ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను. వాడికి ఒక్క గుక్క తాగించి, "పోసీ మావా, బేగి," అని చెంబు అందించింది.

నాన్న సైకిలుని పక్కకి పడుకోబెట్టి నీళ్ళు సన్నగా ధారకట్టాడు. వాము వాసనతో ఆవిరి లేచింది. పెడలు తిప్పితే మళ్ళీ ఉత్తినే తిరిగింది. అమ్మ చిన్నోణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టి, చెంబుకున్న వేడి గుడ్డ విప్పి అక్కడ చుట్టి రెండు చేతులా నొక్కిపట్టింది. మిగిలిన నీళ్ళూ నాన్న ఆ గుడ్డ మీదే పోస్తే చెంబు ఖాళీ అయింది. పసుపుపచ్చగా ఒక చుక్క జారింది, ఇంకోటి జారింది. లోపల టిక్కుమంది. చక్రం కదిలింది.

"తొక్కడం ఆపకు, ఆపితే మల్లీ పట్టీస్తాది," అంది అమ్మ ఎక్కుతూ. నాన్న ఆపలేదు. మిట్ట మీద నిలబడి తొక్కాడు, పల్లంలోనూ తొక్కాడు. ఆయన చెమట నా నెత్తి మీద పడుతోంది. వెనక నుంచి చిన్నోడు "నీల్లు" అన్నాడు. "కోటలో తాగుదువు నాయినా," అంది అమ్మ. కాసేపటికి వాడు అడగడం మానేశాడు. ఇంకాసేపటికి పిల్లికూతలు కూడా వినపడలేదు. నేను వెనక్కి తిరిగితే హ్యాండిలు ఊగుతుందని నాన్న ముందే కసిరాడు. కడ్డీని పట్టుకుని, చెవులు వెనక పెట్టుకుని, వాడు ఒక్కసారి దగ్గితే చాలని మొక్కుకుంటూ కూర్చున్నాను. కోట వచ్చేదాకా వాడు దగ్గలేదు. డాక్టరు సూది గుచ్చాక వాడు కేరుమని ఏడిస్తే, నాన్న అరుగు మీద కూలబడిపోయాడు.

ఇప్పుడు ఆ దారి తారు రోడ్డు, గెడ్డ మీద వంతెన. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. సంతలో ఇప్పనూనె కనపడటం లేదని, చెరువు గట్టు మీది ఇప్పచెట్లు కొట్టేశారని ఊళ్ళోవాళ్ళు అన్నారు. నాన్నా లేడు, అమ్మా పోయింది. చిన్నోడికి నలభై దాటాయి, జేబులో ఎప్పుడూ ఇన్‌హేలరు ఉంటుంది. చలికాలంలో పని మీద శ్రీకాకుళం వస్తే మా ఇంట్లోనే దిగుతాడు.

ఈసారి వచ్చినప్పుడు కూడా, పాలవాడు రాకముందే లేచి, వాడి మంచం దగ్గర నిలబడి చెవి వంచాను. వాడు కళ్ళు తెరవలేదు.

"ఊపిరి ఆడతన్నాదిలే అప్పా, ఎల్లి తొంగో," అన్నాడు.

అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మకీ ఇదే మాట చెప్పేవాడు. అమ్మ కూడా ఏనాడూ వెళ్ళి పడుకోలేదు.