తాతబ్బాయి కొత్త లైసెన్సు

తాతబ్బాయికి కళ్ళు పోయాయని, విశాఖపట్నంలో ఆఫీసువాళ్ళు లైసెన్సు లాక్కుని ఇంటికి పంపేశారని చోడవరంలో చెప్పుకున్నారు. ఆ మాట పొద్దున్న బస్సుస్టాండు దగ్గర టీబడ్డీలో పుట్టింది, సాయంత్రానికి కుళాయి దగ్గరికి వచ్చేసింది.

"మీ ఆయన నిన్నైనా గురుతు పడతన్నాడేటే, లేపోతే నా ఇంటికొచ్చి కూకుంటాడా?" అని పక్కింటి గున్నమ్మ నవ్వింది. తాతబ్బాయి భార్య అప్పయమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. నోరు విప్పితే, పాత లైసెన్సు పాడుచేసింది తనేనని చెప్పుకోవాల్సి వస్తుంది.

తాతబ్బాయి కృష్ణంరాజుగారి లారీ తోలేవాడు. గోవాడ ఫ్యాక్టరీలో చెరకు ఆడడం మొదలయితే రోలుగుంట వైపు ఊళ్ళనుంచి లోడు మీద లోడు. చెరకు ఎక్కించేదాకా పొలం గట్టున పడిగాపులు, ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో జాగారం, దింపగానే మళ్ళీ వెనక్కి. ఆ నెలల్లో అతను ఇంటికి తిండికి వచ్చేవాడు గాని నిద్రకు కాదు. అన్నం కలుపుతూ కలుపుతూ కునికేవాడు. చెయ్యి కంచంలోనే ఉండిపోయేది.

ఏటా దసరాకి లారీకి పూజ చేసేటప్పుడు స్పానర్లు, జాకీ వరసగా పేర్చి, వాటి పక్కన లైసెన్సు పుస్తకం కూడా పెట్టేవారు. అప్పయమ్మ అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. పుస్తకానికి అట్టమీద పెడితే సరిపోయేది. మొగుడి ఫొటో ఉన్నది లోపల కదా అని ఆమె తెరిచి, ఆ ఫొటో నుదుటి మీదే పెట్టేది. ఏటికేడూ పెట్టింది.

డెబ్భై మూడులో లైసెన్సు గడువు అయిపోవచ్చింది. చెరకు క్రషింగుకి ముందే కొత్త ముద్ర పడకపోతే రాజుగారు బండి ఇంకొకరికి ఇచ్చేస్తారు. తాతబ్బాయి అనకాపల్లిలో డాక్టరుకి చూపించుకుంటే, కళ్ళు బాగున్నాయని ఆయన కాయితం రాసిచ్చాడు. విశాఖపట్నం మాత్రం అప్పయమ్మ కూడా వెళ్ళింది. ఒక్కణ్ణీ పంపితే బస్సులో నిద్రపోయి ఎక్కడ తేలతాడోనని ఆమె భయం.

ఆఫీసులో గుమాస్తా గణపతిరావు పుస్తకం తెరిచి, పసుపు కుంకుమ అట్టకట్టిన పేజీని వెలుతురుకి తిప్పాడు.

"ఇది లైసెన్సా, శుభలేఖా?"

"మాయావిడ పూజ సేసింది బాబూ."

"చేస్తే చేసింది, మొహం ఏదయ్యా? పేరేదీ? ముద్ర ఎక్కడ వెయ్యమంటావ్? కొత్త పుస్తకం రాయాలి. ఫొటో దిగి రా, ఇది ఇక్కడే ఉంటుంది."

వెనకనుంచి అప్పయమ్మ మెల్లగా అంది: "బాబూ, పాతది మాకిచ్చీండి. పూజలో పెట్టింది. ఎవరి కాళ్ళ కిందన్నా పడితే మాకు మంచిది కాదు."

"ఇవ్వకూడదమ్మా. ఒక మనిషికి రెండు పుస్తకాలు ఉండకూడదు." సొరుగులో పడెయ్యబోయినవాడు ఆమె మొహం చూసి ఆగాడు. లేచి దాన్ని బీరువా పై అరలో పెట్టాడు. "అంత పైకి ఎవరి కాలూ లేవదులే."

వరసలో వెనక నిలబడ్డ రావికమతం ఊరి డ్రైవరొకడు చూసింది అంతే. పుస్తకం పుచ్చుకోవడం, బీరువాలో పెట్టడం, తాతబ్బాయి ఖాళీ చేతులతో బయటికి రావడం. సాయంత్రం బస్సుకి ఆ ముక్క అతనితోపాటు చోడవరంలో దిగింది. కళ్ళ సంగతి ఎవరు కలిపారో తెలియదు.

తరవాతి వారం తాతబ్బాయి మళ్ళీ వెళ్ళి కొత్త పుస్తకం తెచ్చుకున్నాడు. మర్నాడే కృష్ణంరాజుగారు గుమ్మం ముందు సైకిలు ఆపారు.

"ఏరా తాతబ్బాయీ, లైసెన్సు లాగేసుకున్నారంట గదా. కళ్ళు ఆనడం లేదంట?"

పుస్తకం తాతబ్బాయి చొక్కా జేబులోనే ఉంది. తీసి చూపిస్తాడని అప్పయమ్మ ఎదురు చూసింది. అతను రాజుగారి సైకిలు చక్రం వైపు చూశాడు.

"అవును బాబూ," అన్నాడు.

"ముందే చెప్పి చావొద్దురా? ఇప్పుడు డ్రైవరు ఎక్కడ దొరుకుతాడు?" అని రాజుగారు సైకిలెక్కి వెళ్ళిపోయారు.

అప్పయమ్మ వీధి మలుపు దాకా ఆయన్ని పోనిచ్చింది. "జోబులో ఎట్టుకుని అవునంటావేటి మావా? తిండెక్కణ్ణించి వస్తాది?"

"ఒద్దంటే ఆయన ఒగ్గడే. ఈ ఒక్క సీజనూ తోలరా అంటాడు. నాను ఎక్కీసేను అన్నమాటే. నా సంగతి నాకు తెల్దా?" అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "పోయినేడు రోలుగుంట రోడ్డు మీద తోల్తా తోల్తానే నిద్దరోయేను. లోడు మీద కూలోళ్ళున్నారు. కల్వర్టు గోడ రాసుకుంటే మెలకువొచ్చింది. ఆళ్ళకి తెల్దు."

అప్పయమ్మ వచ్చి అతని పక్కన కూలబడింది.

"రైసుమిల్లులో పగటి పనుందన్నారు. తక్కువే ఇస్తారు," అన్నాడు.

"అందరూ గుడ్డోడంటారు."

"అననీ."

ఆ మాట అంటూనే కునికాడు. ఆమె జేబులోంచి పుస్తకం తీసి, నలగకుండా చీరల మడతలో పెట్టింది.

అతను మిల్లు పనిలో చేరాడు. దారిలో ఎదురైతే గున్నమ్మ జాలిపడి పక్కకు తప్పుకునేది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కొత్త లైసెన్సు డెబ్భై ఆరు దాకా చెల్లింది.