చిన్నమామ్మ దుర్భిణి

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ పాలకొల్లు దగ్గర మా తాతయ్య వాళ్ళ ఊళ్ళోనే గడిచేవి. తక్కిన పిల్లలు కాలవలో ఈతలు కొడుతుంటే నేను అరుగు మీద తాతయ్య పక్కన కూర్చునేదాన్ని. ఎవరైనా ఏ వస్తువైనా విప్పి చూస్తుంటే అక్కణ్ణించి కదలబుద్ధయ్యేది కాదు. ఆ రోగం ఇప్పటికీ తగ్గలేదు.

తాతయ్య సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి వచ్చాడు. పాత వస్తువులు పోగేసే సరదా ఉన్నవాళ్ళు రాజమండ్రి నుంచి కూడా వచ్చేవారు. పాతకాలపు యుద్ధ తుపాకుల మీద గురి కోసం బిగించే దుర్భిణులు తెచ్చి, ఇది ఏ దేశందండీ అని అడిగేవారు. బాణం గుర్తుంటే ఇంగ్లండుది. పేరు లేకుండా మూడు చిన్న అక్షరాలే కొట్టి ఉంటే జర్మనీది. ఇలా ఒక్కొక్కటే నాకు నేర్పాడు. ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాక గుర్తులు చదివే పని నాకే అప్పగించాడు. ఇంగ్లండు దుర్భిణిని పట్టి ఉంచే ఇనుప బిగింపు మీద, అది ఏ తుపాకిదో ఆ తుపాకి నంబరు కూడా ఉంటుంది. ఒక తుపాకికి సరిచేసిన దుర్భిణిని ఇంకోదానికి పెడితే గుండు పక్కకు పోతుందట. అందుకే నేను తొందరపడి చదివితే ఒప్పుకునేవాడు కాదు. "కనపడిందే చదువు తల్లీ, ఊహించుకోకు" అనేవాడు.

ఒక మధ్యాహ్నం చిన్నమామ్మ వచ్చింది. ఆవిడ తాతయ్య తమ్ముడి భార్య. ఆ చిన్నతాతయ్య కూడా తాతయ్య ఉన్న పటాలంలోనే ఉండి, యుద్ధంలో పోయాడు. మనిషిని చివరిచూపుకైనా తేలేదు. ఒక ట్రంకుపెట్టె మాత్రం వచ్చింది. అందులో బట్టల మడతల మధ్య ఆయన తుపాకిదంటూ తోటి జవాను ఎవరో దాచి పంపిన దుర్భిణి ఉంది. పిల్లలు లేని ఆవిడ దాన్ని తన పెళ్ళిచీర ముక్కలో చుట్టి అన్నేళ్ళూ దాచుకుంది. ఊళ్ళోవాళ్ళ దుర్భిణులన్నీ చూసిన మా తాతయ్య దాన్ని ఒక్కసారైనా చూపించమని అడగలేదు. ఎందుకో నాకు తెలిసేది కాదు.

అంతకు రెండ్రోజుల ముందు ఎవరో చుట్టాలావిడ, అది మీ ఆయనదేనని నీకేంటి నమ్మకం అందట. ఇక చిన్నమామ్మకు అన్నం సయించలేదు.

"అందరివీ చూస్తారు కదండీ బావగారూ, ఇదీ చూడండి. మీ తమ్ముడిది కాకపోతే కాలవలో పడేస్తాను" అంది.

తాతయ్య లేచాడు. లోపలికి వెళ్ళి అట్ట ఊడిన చిన్న పుస్తకం తెచ్చాడు. తన చేతి మీదుగా వెళ్ళిన తుపాకుల నంబర్లు అందులో రాసుకున్నాడు. తమ్ముడి తుపాకి నంబరు మాత్రం పుస్తకం తెరవకుండానే చెప్పాడు. దాని చివరి రెండంకెలు నలభై ఒకటి.

నేను బిగింపు మీది మురికి తుడిచి భూతద్దం పెట్టాను. నలభై ఏడు. మళ్ళీ చదవమన్నాడు. నలభై ఏడే. మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతు బొంగురుపోయింది. ఒకటికీ ఏడుకీ ఎంత తేడా ఉంటుంది గనక, నలభై ఒకటి అనేద్దామనుకున్నాను. నోరు రాలేదు.

"పోన్లెండి బావగారూ" అంది చిన్నమామ్మ. చీర ముక్క మడతపెట్టుకుంది. దుర్భిణిని అరుగు మీదే వదిలేసి మెట్లు దిగబోయింది. అప్పుడు తాతయ్య ఊరుకుని ఉంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

"అది వాడిదేనమ్మా" అన్నాడు తాతయ్య. "నలభై ఏడు పక్క జవాను తుపాకి. వాళ్ళు యుద్ధానికి బయల్దేరే ముందు సాయంత్రం వానలో ఆ రెండూ నేనే విప్పి తుడిచాను. హడావుడిలో ఒకదానిది ఒకదానికి బిగించానేమోనని అప్పట్నుంచీ అనుమానం. చూసే ధైర్యం లేక నిన్ను అడగలేదు. ఇవాళ తేలిపోయింది. వాడి గురి తప్పించింది నేనే."

అలా చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిన్నమామ్మ వెనక్కి వచ్చి దుర్భిణిని చీర ముక్కలో చుట్టుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ తరవాత మా గడప తొక్కలేదు. రోజూ సాయంత్రం తాతయ్య వీధి మలుపు వైపే చూస్తూ కూర్చునేవాడు. ఎవరు దుర్భిణి తెచ్చినా తనకు కళ్ళు ఆనవని చెప్పి పంపేసేవాడు. నా పాడు నోటితో ఆ అంకె ఎందుకు చదివానా అని ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు.

ఆరేళ్ళ తరవాత తాతయ్య పోయిన రోజున చిన్నమామ్మ వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఆయన బతికుండగా రాలేకపోయానని గుండెలు బాదుకుంది. వెళ్తూ నన్ను దగ్గరికి పిలిచింది.

"కోపం వచ్చిందమ్మా, రాదా మరి. కానీ ఆ రోజు ఆయన నోరు మూసుకుని ఉంటే మా ఆయన వస్తువును నా చేతుల్తో నేనే వదిలేసుకునేదాన్ని. ఈ మాట ఆయనతో చెప్పాలని రోజూ అనుకున్నాను. కాళ్ళు రాలేదు" అంది.

నేనిప్పుడు రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తున్నాను. మంచిది కాని అంకె వచ్చినప్పుడు మూడుసార్లు చూస్తాను, మూడోసారీ కనపడిందే చెబుతాను. పొరపాటు నాదైతే పరీక్షకు వచ్చినవాళ్ళు మెట్లు దిగకముందే పిలిచి చెప్పేస్తాను. చెబుతున్నంతసేపూ నా గొంతు తాతయ్య గొంతులాగే బొంగురుపోతుంది.