చెయ్యి తియ్యమన్నాను

కోటమ్మత్త పడిపోతుందని నాకు ముందే తెలుసు.

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఎవరి మీద అలిగానో, ఏ పుస్తకం చదువుతూ ఏడ్చానో అన్నీ అందులో ఉన్నాయి. ఇది లేదు. నాలుగేళ్ళుగా ఈ ఒక్క మాట గొంతులో అడ్డంపడిన మిరపగింజలా ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు. పెగిలినప్పుడు అబద్ధం వస్తుంది. అది కూడా చెబుతాను.

నేను తాడేపల్లిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఫోన్లో ఆడుకునే గేములు తయారుచేస్తాం. అందులో బొమ్మలను నడిపించడం నా పని. బొమ్మ లోపల ఎముకల చట్రం ఒకటి ఉంటుంది. కీళ్ళ దగ్గర దాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నడక పుట్టించాలి. చూసేవాళ్ళు అది బొమ్మ అన్న సంగతి మరిచిపోవాలి. అందుకోసం శరీర నిర్మాణం పుస్తకాలు కొనుక్కుని చదివాను. ఏ కండరం ఏ ఎముకను లాగుతుంది, అడుగు వేసేటప్పుడు బరువు ఎటు మొగ్గుతుంది, తుంటి ఎంత వాలుతుంది. నవలలు చదివినంత ఇష్టంగా చదివాను. మనుషులతో మాట్లాడకుండానే మనుషులను తెలుసుకునే దారి దొరికిందనుకున్నాను.

అప్పుడు మేం చేస్తున్న గేములో మూతబడిన పత్తి మిల్లు ఒకటి ఉంటుంది. అందులో ఒక ఆడదయ్యం. ఆడేవాళ్ళు దాన్ని చంపుకుంటూ ముందుకు పోవాలి. నేను నడిపించిన దయ్యాన్ని చూసి మా టీం లీడ్ అందరి ముందూ నవ్వాడు.

"ఏంటమ్మా ఇంత ఒద్దికగా నడుస్తోంది? పేరంటానికి పిలిచారా దీన్ని?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాను. ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను. మా ఊరు సత్తెనపల్లి దగ్గర.

కోటమ్మత్త మాకు చుట్టం కాదు. పక్కింటి మనిషి. పెళ్ళి కాలేదు, తమ్ముడి దగ్గర ఉంటుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. మిరపచేలో వంగి కాయ కొయ్యలేదు కాబట్టి ఏటా మా కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరేది. రంగు పోయిన కాయ ఎంత ఎర్రటి కుప్పలో ఉన్నా ఆవిడ వేళ్ళకు దొరికిపోయేది. నేను చదివిన కథలన్నీ చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చునే చెప్పాను. ఆవిడ దగ్గర నాకు సిగ్గు ఉండేది కాదు. లోకంలో నన్ను మాట్లాడనిచ్చిన మొదటి మనిషి. సిగ్గులేని ఆ చనువునే కదా వాడుకున్నాను?

ఆవిడ నడక చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ ఆదివారం మాత్రం వేరే కళ్ళతో చూశాను. ఎడమకాలు ముందుకు వేసిన ప్రతిసారీ కొంగు చాటున ఎడమచెయ్యి తొడ మీదికి వెళ్తోంది. తొడను వెనక్కి నొక్కుతోంది. మనం నిలబడినప్పుడు మోకాలు మడతపడకుండా పట్టి ఉంచేది తొడ ముందుభాగపు కండరం. ఆవిడకు అది లేదు. చెయ్యే కండరమైంది. ఎవరికీ కనిపించకుండా, యాభై ఏళ్ళుగా. పుస్తకంలో చదివింది కళ్ళ ముందు నడుస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. జాలి వేయలేదు. అయ్యో అనిపించలేదు. దొరికింది అనుకున్నాను.

ఫోను తీసి, గుంటూరులో తెలిసిన ఎముకల డాక్టరు ఉన్నారని, నడక వీడియో తీసి పంపితే ఏం చెయ్యొచ్చో చెబుతారని అన్నాను. ఆ డాక్టరు లేరు. ఎక్కడా లేరు. అంత అబద్ధం నా నోట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కొట్టుకు వెళ్ళి ఉప్పు ప్యాకెట్ అడగడానికి కూడా నాలుగుసార్లు మనసులో అనుకుని అడిగే మనిషిని.

ఆవిడ నవ్వింది. "వీడియో అంటే నన్ను రికార్డింగ్ డ్యాన్సు కట్టమంటావేందే?"

కట్టినంత పనీ చేసింది. కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుసార్లు నడిచింది. మోకాలు కనిపించాలని నేనంటే చీర పైకి దోపుకుంది. ఎవరి ముందూ బయటపెట్టని కాలు అది, ఎండిన పత్తికట్టెలా ఉంది. నేను పక్క నుంచి తీశాను, వెనక నుంచి తీశాను. చివరికి కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ అంది: "ఈ ఎడంచెయ్యి నాది కాదమ్మాయ్, కాలికి రాసిచ్చేశా. అది తిరిగి నాకొస్తే చాలని చెప్పు డాక్టరుగారికి. గంప నెత్తిన పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి నడవాల."

దయ్యానికి ఆ నడక పెట్టాను. లీడ్ కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. తొడ మీద చెయ్యి వేసుకుని, ఒక పక్కకు ఒరుగుతూ, చీకట్లోంచి వస్తోంది. "అదిరింది. కానీ చచ్చేటప్పుడు సంచి జారినట్టు పడుతోంది. అది కూడా ఇలాగే పట్టుకో" అన్నాడు. ఎక్కడ పట్టుకున్నానో అతను అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ రాత్రి నోటుబుక్కులో రెండు బొమ్మలు గీశాను. చెయ్యి తొడ మీద ఉన్న బొమ్మ ఒకటి, లేని బొమ్మ ఒకటి. ఒంటి బరువు ఎటు దిగుతుందో బాణం గుర్తు వేశాను. రెండో బొమ్మలో బాణం మోకాలి వెనక పడింది. మోకాలు మడతపడక తప్పదు. అంటే కోటమ్మత్త ముందు కాగితం మీద పడింది. నేల మీద పడింది ఆ తర్వాతే. తెలియక అడిగానని ఎవరితో అన్నా ఆ కాగితం నవ్వుతుంది.

రెండు వారాలకు మళ్ళీ వెళ్ళాను. కల్లంలో పట్టాల మీద కాయ ఎండుతోంది. మధ్యాహ్నం, మనుషులు అన్నాలకు వెళ్ళారు. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"డాక్టరుగారు ఏమన్నాడే?"

"ఇంకో వీడియో కావాలన్నారత్తా. చెయ్యి లేకుండా ఎలా నడుస్తావో చూడాలంట."

"చెయ్యి లేకపోతే నడిచేదేంది నా మొహం."

"ఒక్క అడుగత్తా. చెయ్యి తియ్యి."

"పడతానేమోనే."

"పడవు. నేనున్నాగా."

నేనున్నాను. ఆరడుగుల దూరంలో, రెండు చేతులతో ఫోను పట్టుకుని ఉన్నాను. దగ్గరికి వెళ్తే పాదాలు ఫ్రేములోకి రావని అక్కడ నిలబడ్డాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, చెయ్యి తీసింది. అడుగు వేసింది. మోకాలు నేను గీసినట్టే మడతపడింది. ఎడమపక్కకు, ఎండుమిరపకాయల మీద పడింది. పడేముందు ఎడమచెయ్యి నేలకు ఆన్చింది. కాయలు చిట్లిన చప్పుడు వినిపించింది. ఘాటుకు ఇద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అయినా నేను ఫోను కదలనివ్వలేదు. ఊపిరి బిగపట్టి, పూర్తిగా పడ్డాక ఇంకో మూడు సెకన్లు తీశాను. పడ్డాక ఒంట్లో కదలిక ఎలా ఆగుతుందో కూడా కావాలి మరి. ఆ మూడు సెకన్లే నాకు అన్నిటికంటే రోత పుట్టిస్తాయి. పడకముందు చేసింది ఆశ అనుకుందాం. పడ్డాక చేసింది ఏమిటి?

నేను లేపేసరికి ఆవిడ నవ్వుతోంది. జుట్టు నిండా మిరపగింజలు, కళ్ళ వెంట నీళ్ళు. "చూశావా, చెప్తే విన్లా" అంది. నేను నాలుగు గంటల బస్సుకు తాడేపల్లి వచ్చేశాను. బస్సులోనే వీడియో పదకొండుసార్లు చూశాను. ఆ రోజు డైరీలో ఉన్నది ఒక్క ముక్క: "మోకాలు మొదలు మణికట్టు దాకా పద్దెనిమిది ఫ్రేములు." ఫ్రేము అంటే వీడియోలో కదలకుండా ఆగిన ఒక్కో బొమ్మ.

మర్నాడు అమ్మ ఫోను చేసింది. కోటమ్మత్త కల్లంలో జారిపడిందని, మణికట్టు విరిగిందని, పక్క ఊళ్ళో కట్టు కట్టించారని చెప్పింది. జారిపడ్డానని ఆవిడే చెప్పిందట. నా పేరు ఎత్తలేదు. అమ్మ ఆ మాట చెబుతున్నప్పుడు నా ముందు తెర మీద ఆ మణికట్టే ఉంది. వంచుతున్నాను. ఫోను భుజానికి నొక్కిపెట్టుకుని "అయ్యో" అన్నాను. కుడిచేత్తో ఇంకొంచెం వంచాను.

గేము బయటికి వచ్చింది. ఆ దయ్యం చావు బాగుందని ముక్కూ మొహం తెలియని వాళ్ళు రాశారు. చేతి మీద బరువు పడటం ఎంత నిజంగా ఉందో అన్నారు. నాకు ఆఫీసులో చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడ్డానని అందరూ ముచ్చటపడ్డారు. ఎక్కడో ఎవరో ఇప్పుడు కూడా ఆడుతూ ఉంటారు. ఆడిన ప్రతిసారీ కోటమ్మత్త పద్దెనిమిది ఫ్రేముల్లో పడుతుంది.

ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో ఇప్పుడు తొడను నొక్కలేదు. కుడిచేతిలోకి కర్ర వచ్చింది. ఒక చెయ్యి తిరిగి రావాలని అడిగిన మనిషికి ఉన్న రెండో చెయ్యి కూడా లేకుండా చేశాను. మోకాలు మడతపడకుండా పట్టి ఉంచే పట్టీలు ఉంటాయని, అవి వేసుకుంటే చేతితో పని ఉండదని నా పుస్తకాల్లోనే ఉంది. మొదటి ఆదివారానికి ముందే చదివాను. చెప్పలేదు. అప్పుడు చెబితే ఆ నడక పోతుంది. తర్వాత చెబితే డాక్టరు ఎవరని అడుగుతుంది. కారణాలు మారుతూ వచ్చాయి, నోరు మాత్రం మూసుకునే ఉంది.

మొన్న కాయ కల్లానికి వచ్చినప్పుడు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆవిడ కుడిచేత్తో తాలు ఏరుతోంది. పక్కన కూర్చుని డాక్టరు లేడని చెప్పాను. గేము సంగతి చెప్పాను. చూపించమంది. చూపించాను. దయ్యం నడిచి వచ్చి, పడింది. ఆవిడ ఫోను దగ్గరికి తీసుకుని ఇంకోసారి చూసింది. "దీని మొహం కంటే నా మొహమే నయం గదే" అంది. నేను నవ్వలేదు. ఫోను నా చేతికిచ్చి, "అయితే డాక్టరు లేడన్నమాట. మీ అమ్మని ఫోను చేసినప్పుడల్లా అడగమంటన్నా నేను" అంది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. గుంటూరు వెళ్దామని, నిజం డాక్టరుకు చూపించి పట్టీ వేయిస్తానని అన్నాను. ఆవిడ రంగు పోయిన కాయ ఒకటి తీసి పక్కన పడేసి అడిగింది.

"చెయ్యి తియ్యమన్నప్పుడు నేను పడతానని నీకు తెలుసా?"

సగం చెప్పాను కదా, ఆ మిగతా సగం అక్కడే ఉంది. ఒక్క మాట. నోటుబుక్కులో గీసిన బొమ్మ గుర్తొచ్చింది, బాణంతో సహా. నోరు తెరిచాను.

"తెలీదత్తా" అన్నాను.

తెలుసు. తెలుసు. తెలుసు. ఇక్కడ రాశాను. రాసినంత మాత్రాన ఏమీ సరికాదు, ఆవిడ చెయ్యి రాదు. అయినా నాలుగేళ్ళలో మొదటిసారి నా చేతిరాతలో నిజం ఉంది. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. అంతే. ఆవిడ మాత్రం నా అబద్ధాన్ని నమ్మింది. వంకర చెయ్యి ఎత్తి నా తల నిమిరి, నేను వచ్చేముందు ఇలా అంది:

"పోనీలే అమ్మాయ్. తెలిసుంటే నువ్వు పట్టుకునేదానివి."