వేడిగాలికి దారి

నాకు చేపలంటే అప్పటిదాకా కూరే. అందుకే మా తమ్ముడు అద్దాల తొట్టి ఒకటి ఆటోలో ఎక్కించుకొచ్చి, అందులో నాలుగు బంగారు చేపలు వదిలిన రోజున వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో మనిషి మంచాన పడి ఉంటే ఈ సోకులేంట్రా అన్నాను. వాడు తొట్టిని మా ఆయన మంచానికి ఎదురుగా బల్ల మీద సర్ది వెళ్లిపోయాడు.

మా ఆయన బొగ్గుగనిలో కిందికి దిగి పనిచేసేవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన పెద్ద సమ్మె ముగిసి, మళ్లీ డ్యూటీలు మొదలైన కొన్నాళ్లకే పైనుంచి బండ కూలి నడుము మీద పడింది. ప్రాణం దక్కింది కానీ నడుము కింది భాగానికి స్పర్శ లేకుండా పోయింది. దవాఖాన నుంచి గోదావరిఖనిలోని మా రెండు గదుల క్వార్టర్‌కు తెచ్చాక, గోడవైపు ముఖం పెట్టుకుని పడుకున్నాడు. పెడితే తినేవాడు. పలకరిస్తే ఊ అనడు, ఆ అనడు. నెలల తరబడి నేను ఆయన వీపుతోనే కాపురం చేశాను.

చేపలు వచ్చాక ఒకనాడు పొద్దున్నే "నన్ను జర ఇటు తిప్పు" అన్నాడు. తిప్పాను. కాసేపటికి, "ఆ మచ్చలది తింటలేదు సూడు" అన్నాడు. నేను వంటగదిలోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆ చేపలకు నేను చేసిన సేవ మా అత్తకు కూడా చేయలేదు.

తర్వాత ఎండాకాలం వచ్చింది. మా దగ్గర ఎండ ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం నల్లా తిప్పితే చెయ్యి పెట్టలేం. తొట్టిలో నీళ్లు పసిపిల్లకు స్నానం పోసేంత వెచ్చగా అయ్యాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేల్చినప్పుడల్లా తొట్టి అద్దం వణికేది, చేపలు బెదిరేవి. తట్టుకోలేక కూల్‌డ్రింకుల దుకాణం నుంచి ఐసుగడ్డ తెచ్చి నీళ్లలో పడేశాను. ఆ చలి దెబ్బకు ఒక చేప వెల్లకిలా తేలింది. మా ఆయన దాన్ని చూశాడు. సాయంత్రానికి తనను గోడవైపు తిప్పించుకున్నాడు. మళ్లీ ఆ వీపే.

తమ్ముడిని వెంటబెట్టుకుని హైదరాబాద్ పోయాను. నీళ్లను చల్లబరిచే మిషన్ ఉంటుందట, చిల్లర్ అంటారట. దుకాణం ఆయన తొట్టి ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు తగ్గాలి అని అడిగాడు. మీ గది ఎంత వేడిగా ఉంటుందని కూడా అడిగాడు.

"మీరే వచ్చి ఒక పూట కూసోండ్రి, తెలుస్తది" అన్నాను.

ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న చిన్నది లోపల పెట్టి పెద్దది తీశాడు. గాలి పోయే జాలీకి దుమ్ము పట్టనియ్యొద్దు, మూసిన గదిలో పెట్టొద్దు అని చెప్పాడు. వడగాడ్పు కొట్టే రోజుల్లో మా ఊళ్లో తలుపు తీసి పెట్టుకునేది ఎవరని మనసులోనే అనుకున్నాను.

చిల్లర్ బాగానే పనిచేసింది. పంపు నీళ్లను అందులోకి తోయడం, అది చల్లబరిచి తొట్టిలోకి పంపడం. చేపలు కిందికి దిగి ఈదాయి. ఆయనా మళ్లీ ఇటు తిప్పమన్నాడు. కానీ నీళ్లలోంచి లాగిన వేడినంతా ఆ డబ్బా గదిలోకే ఊదుతోంది. కూలర్ దానికి చాలడం లేదు. నా పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. జాలీకి పట్టిన బొగ్గుదుమ్మును పాత బ్రష్‌తో రోజూ తోమేదాన్ని. డబ్బాను కిటికీ వైపు తిప్పితే అక్కడ కూలర్ అడ్డం, లోపలికి తిప్పితే గదంతా పొయ్యి. ఆయన ముఖం చెమటతో తడిసిపోతోంది. నా అవస్థ చూసి చూసి అన్నాడు:

"నా కాళ్ల దిక్కు పెట్టు. వాటికి ఎండ తెల్వది, వాన తెల్వది. ఊకె పడి ఉన్నయి, గీ పనికన్న వస్తయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "రోజూ కడిగి నూనె రాసేది నేను. అవి నీయి కావు, నాయి. వాటి జోలికి పోయినవంటే మంచిగుండదు" అని అరిచాను.

మంచం కాళ్ల వైపు గోడకు ఎప్పటినుంచో ఒక పగులు ఉంది. గడ్డపార తెచ్చి దాని మీద పొడిచాను. తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, క్వార్టర్ కంపెనీది!"

"అడగమను. నేను చెప్పుకుంట."

అప్పుడు వెనుక నుంచి మా ఆయన గొంతు వినిపించింది. మోచేతుల మీద లేచి ఉన్నాడు. "గట్ల కాదు. కింద పొడువు. పగులు ఎంబడి పో. పై ఇటుక ముట్టకు, కూలుతది." బండ పడ్డాక ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆయన చెప్పినట్టే పొడిచి కంత చేశాను. నీళ్ల ట్యూబులు సాగదీసి డబ్బాను అక్కడికి జరిపి, వేడిగాలి వచ్చే వైపును కంతకు ఆనించాం. గది నెమ్మదించింది. కొన్నాళ్లు చేపలూ ఆయనా హాయిగా ఉన్నారు. నాకూ అన్నం సహించింది.

అంతలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. మర్నాడు కూడా రాలేదు. ఐసు ఎక్కడా దొరకలేదు. తొట్టి ముందు కూర్చుని గిన్నెతో నీళ్లు ముంచి పోస్తూనే ఉన్నాను, చెయ్యి లాగేసేదాకా పోశాను. ఒక్కొక్కటీ పోయాయి. మచ్చలది ఆఖరున పోయింది. ఆ తర్వాత కరెంటు వచ్చింది. చిల్లర్ గుర్రుమని మొదలుపెట్టి, ఎవరూ లేని నీళ్లను చల్లబరచసాగింది. దాన్ని ఆపి, తొట్టి ఖాళీ చేసి, డబ్బాను అటక మీద పెట్టేశాను. గోడ కంతలోంచి ఎండ నేల మీద పడింది.

"నన్ను గోడ దిక్కు తిప్పు" అన్నాడు ఆయన.

"వద్దయ్యా, నీ కాళ్లు మొక్కుత. వేరే చేపలు తెస్త" అన్నాను.

"తిప్పమన్న గద. తలాపు గిటు మార్చు."

ఏడుస్తూనే దిండును కాళ్ల వైపు వేసి, ఆయనను రెండు చేతులతో ఎత్తి మార్చాను. ఆయన ముఖాన్ని కంతకు దగ్గరగా పెట్టుకున్నాడు. బయట సెకండ్ షిఫ్టుకు పోయేవాళ్లు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. చాలాసేపు చూశాడు.

"కాళ్లే కనవడ్తున్నయి, మొకాలు కనవడ్తలేవు" అన్నాడు. "గడ్డపార తే. పై ఇటుక తియ్యి."

"కూలుతది అంటివి గదా?"

"కూలదు. నేను చూస్తున్న గద."