దేవదానం గారి పొయ్యి తనిఖీ

మౌలాలిలో మా ఇంటి వెనక ఈ పొద్దున ఎవరో పాత గుడ్డలు తగలబెట్టారు. కాలే గుడ్డకు ముక్కులో గుచ్చుకునే ఘాటొకటి ఉంటుంది. కిటికీ మూసి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక దేవదానం గారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ తికమకే.

సికింద్రాబాదు పురపాలక కార్యాలయంలో ఆయన ఆరోగ్య ఇన్‌స్పెక్టరు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవులు. నేను ఆయన కింద గుమాస్తాను. పోలీసు చర్య ముగిసిన కొత్త అది. నిజాం సర్కారు ఉన్నట్టో పోయినట్టో, ఏ రూలు నడుస్తుందో, కాగితం ఉర్దూలో రాయాలో ఇంగ్లీషులో రాయాలో చెప్పే నాథుడు లేడు. జనం మాత్రం పక్కింటి పొగ మీద ఫిర్యాదులు తెస్తూనే ఉన్నారు. రాజ్యాలే మారిపోతుంటే వీళ్ళకు పొగ గొడవేమిటని నేను విసుక్కునేవాణ్ణి. "దగ్గొచ్చేవాడికి రాజ్యంతో పనేముందయ్యా?" అనేవారాయన.

ఈ ఫిర్యాదులకు ఆయనకొక పద్ధతి ఉండేది. నోటీసు రాయకముందే, ఫిర్యాదు చేసినవాణ్ణి వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళి, రెండిళ్ళవాళ్ళనూ ఆ పొయ్యి ముందు కూర్చోబెట్టేవారు. కళ్ళు మండేదాకా ఎవరూ లేవకూడదు. కట్టెలు తడివనో, పొగగూడు పూడుకుపోయిందనో అక్కడే తేలేది. ఒకరినొకరు దెప్పుకుంటూనే బాగుచేసుకునేవారు.

ఒకరోజు రాజమల్లు వచ్చాడు. బట్టలకు రంగులు అద్దే మనిషి. "సార్, మా పొల్లకు దమ్ము రోగం. పక్కింటి ఫాతిమా బీ ఏం కాలవెడ్తున్నదో ఏమో, పొల్ల ఊపిరాడక కొట్టుకుంటున్నది. జెర నోటీస్ ఇయ్యున్రి!" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచాడు.

వెంటనే అతని ఇంటికి వెళ్ళాం. పక్కింట్లో ఘోషా పాటిస్తారు కనుక, మగవాళ్ళం వస్తున్నామని చెప్పి రమ్మని ఆయన నన్ను ముందు పంపారు. ఫాతిమా బీ కంగారులో తలుపు తీసింది. పొయ్యిలో సగం కాలిన ఖాకీ చొక్కా ఉంది. "మా పోరడు నిజాం ఫౌజుల నౌకరి జేసిండు, గంతే సాబ్. గివి దొరికితే రజాకారని పట్కపోతరని పరేషాన్ల ఉన్నం. ఎవరికీ చెప్పకున్రి," అని ఏడ్చింది. తెర సందులోంచి కొడుకు కనబడ్డాడు. నన్ను చూసి ఫౌజీ పద్ధతిలో సలాం కొట్టబోయి, చెయ్యి దించేసుకున్నాడు.

నేను ఒక్క పరుగున వచ్చి, దేవదానం గారిని పక్కకు పిలిచి సంగతి చెప్పాను. "రాజమల్లును మాత్రం తీసుకురాకండి. అసలే నోరాగే మనిషి కాదు. ఒక్క మాట బయటికి పొక్కితే ఆ అబ్బాయి గతేమిటి?" అని బతిమాలాను. ఆయన టోపీ సర్దుకున్నారు. "పొగ పీల్చినవాడు పొయ్యి చూడాలయ్యా," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈయనకు మతిగాని పోయిందా అనుకుంటూనే వెనక నడిచాను.

నలుగురం పొయ్యి ముందు కూర్చున్నాం. రాజమల్లు దగ్గుతూ, పుల్లతో ఆ గుడ్డను పైకెత్తాడు. ఇత్తడి గుండీ మెరిసింది. అతని చూపు తెర వైపు మళ్ళింది. ఫాతిమా బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏందీ, మంచి గుడ్డను గిట్ల కాలవెడ్తరా?" అన్నాడు చివరికి. "నాకు చెప్తే కాకపోవునా బీబీ? మిగిలినయి గుండీలు తీసి ఇయ్యి, నల్లరంగుల ముంచుతా. మీ పోరడు గవి తొడుక్కొని నాతోని బజారుకు సుత రావచ్చు. మా పొల్లను మాత్రం జెర ఊపిరి పీల్చుకోనియ్యి."

దారిలో ఉండబట్టలేక అడిగాను. "రాజమల్లు పట్టివ్వడని మీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసయ్యా!" అన్నారాయన.

తెలియకుండానే ఒక తల్లి కన్నకొడుకును పణంగా పెట్టారా? అది మనిషి మీద నమ్మకమా, పద్ధతి మీద మొండితనమా? ఆయన మీద ఆనాటి కోపం నాకు పోలేదు. గౌరవమూ పోలేదు. రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉన్నాయో నాకే అర్థం కాదు. తర్వాత ఆయన కుర్చీ నాకొచ్చింది. పొగ ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఫిర్యాదుదారుణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళాను. పక్కింటి గడప దాటేముందు ప్రతిసారీ నా కాళ్ళు వణికేవి. ఆయనకూ వణికేవేమో. అన్నేళ్ళు ఆయన వెనకే నడిచాను గాని, ఆయన కాళ్ళ వంక ఎప్పుడూ చూడలేదు.